సానపడితే తరిగే విలువ

సూరత్ నగరంలోని కతర్‌గామ్ వజ్రాలకు సానపట్టే పనికి పేరుపొందిన పేట. నూనెలో కలిపిన వజ్రపు పొడి పూసిన చక్రం మీద ముడిరాయి ఎంత నేర్పుగా అరిగితే అక్కడ దాని ధర అంతగా పెరుగుతుంది. చెక్కడపు పని గల పాత రివాల్వర్ విషయంలో ఈ లెక్క తలకిందులవుతుంది.

మందూ గుండూ కూరే గదులున్న సిలిండర్, అంటే గుండ్రని ఉక్కు దిమ్మె, తిరుగుతూ ఒక్కొక్క గదినే గొట్టానికి ఎదురుగా తెచ్చే తుపాకి రివాల్వర్. వత్తితో మందు అంటించే ఇటువంటి తుపాకులు భారతదేశంలోనూ తయారయ్యాయి. 1830లో కలకత్తాకు వచ్చే ఓడలో పనిచేసిన శామ్యూల్ కోల్ట్ ఆ ప్రయాణంలోనే కొయ్యతో ఒక రివాల్వర్ నమూనా చెక్కాడని ప్రతీతి. 1836 ఫిబ్రవరి 25న రివాల్వర్‌కు అతనికి అమెరికా పేటెంటు లభించింది.

కోల్ట్ ఆయుధాలపై చెక్కడం రెండు విధాలు. 1851 నేవీ నమూనా సిలిండర్‌పై కనిపించే ఓడల యుద్ధం 1843 మే 16న మెక్సికో తీరంలోని కాంపెచే వద్ద జరిగినది. కరెన్సీ నోట్ల అచ్చులు చెక్కే ఓర్మ్‌స్‌బీ ఈ దృశ్యాన్ని ఉక్కు అచ్చుపై మలచగా, ఆ అచ్చును సిలిండర్‌పై గట్టిగా అదిమి దొర్లించేవారు. రెండవది గుస్టావ్ యంగ్ వంటి పనివారు ఉలి పట్టి చేత్తో తీర్చిన తీగల అల్లిక. ఇది ప్రత్యేకంగా కోరినవారికే దక్కేది కనుక అరుదు.

అచ్చుతో దించిన బొమ్మ లోతు తక్కువ కావడంతో, తుప్పు వదిలించాలని తోమితే ముందు తెరచాపల సన్నగీతలు, ఆపైన ఓడలే మాయమవుతాయి. అందుకే సేకర్తలు భూతద్దంతో గీతల అంచులు వాడిగా ఉన్నాయా, ఉక్కుపై తొలినాటి నీలివన్నె మిగిలిందా అని చూస్తారు. ధర పెంచేందుకు సాదా ఆయుధంపై తరువాతి కాలంలో చెక్కినవీ ఉండడం వల్ల కర్మాగారపు పాత లెక్కల పత్రాలకు ఎంతో విలువ ఉంటుంది.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం, మరమ్మతు చేసినా పేలని పురాతన ఆయుధాన్ని మినహాయించింది. పేలగలిగినదానికి లైసెన్సు తప్పనిసరి. వజ్రానికి సాన వన్నె తెస్తుంది, పాత రివాల్వర్‌కు ముట్టుకోకపోవడమే వన్నె.