సోలన్ బ్రూవరీకి రైల్వే స్టేషన్, ఇప్పసారా బట్టీకి కేసు

టూరిజం అంటే కోటలు, గుళ్లు, జలపాతాలే కాదు. నాసిక్‌లో ద్రాక్షతోట తిరిగి వైన్ రుచి చూడటం, గోవాలో ఫెనీ కాచే బట్టీ దగ్గరికి వెళ్లడం ఇప్పుడు టూర్ ప్యాకేజీల్లో భాగమయ్యాయి. చరిత్ర చదివేవాళ్లం ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. సారా కాచడం ఒకచోట వారసత్వం, మరోచోట నేరం ఎలా అయింది? ముందు పర్యాటకులు వెళ్లే మూడు చోట్లు చూద్దాం. తర్వాత వాళ్ల మ్యాప్‌లో లేని చోటు చూద్దాం.

1. కసౌలి, సోలన్: సైన్యం కోసం బీరు

1903లో మొదలైన కల్కా–సిమ్లా రైలు మార్గంలో 'సోలన్ బ్రూవరీ' పేరుతో ఒక స్టేషన్ ఉంది. 2008లో ఈ మార్గానికి యునెస్కో గుర్తింపు వచ్చింది. బ్రూవరీని కొండల్లోనే ఎందుకు పెట్టారు? కారణాలు మూడు. కంటోన్మెంట్లలో ఉన్న బ్రిటిష్ సైనికులకు బీరు కావాలి. ఇంగ్లండ్ నుంచి ఓడలో తెప్పించడం ఆలస్యం, ఖర్చు. బీరు పులియడానికి చల్లదనం, మంచి ఊటనీరు ఉండాలి. రిఫ్రిజిరేటర్లు లేని కాలంలో అవి కొండల్లోనే దొరికేవి.

కసౌలిలో బ్రూవరీ పెట్టిన ఎడ్వర్డ్ డయ్యర్, జలియన్‌వాలాబాగ్ కాల్పులకు ఆదేశమిచ్చిన జనరల్ డయ్యర్‌కు తండ్రి. ఇప్పటి పాకిస్తాన్‌లో 1860లో మొదలైన మర్రీ బ్రూవరీ కూడా ఇలాంటి అవసరం నుంచే పుట్టింది. 1977లో అక్కడ ముస్లింలకు మద్యం నిషేధించారు. అయినా ఆ కంపెనీ ఇప్పటికీ నడుస్తోంది. వలస పాలన పోయినా, అది పెట్టిన లైసెన్సు పొందిన ఫ్యాక్టరీలు రెండు దేశాల్లోనూ మిగిలాయి.

2. గోవా: పరాయి చెట్టు, సొంత పానీయం

జీడిమామిడిని 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. గోవా రైతులు ఆ పండును తొక్కి, రసం పులియబెట్టి, బట్టీలో కాచి తమ పానీయంగా చేసుకున్నారు. మొదటిసారి కాస్తే వచ్చేది ఉర్రాక్, మళ్లీ కాస్తే ఫెనీ. ఎండాకాలంలో వెళితే ఈ పని కళ్లారా చూడొచ్చు. జీడి ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలాకాలం నాటుసారా కిందే లెక్కించిన ఈ పానీయానికి 2016లో గోవా ప్రభుత్వం వారసత్వ హోదా ఇచ్చింది. అంటే 'నాటు', 'వారసత్వం' అనే మాటలు రుచిని బట్టి రాలేదు. చట్టం మారితే పేరూ మారింది.

3. నాసిక్: విధానం పెంచిన పరిశ్రమ

నాసిక్ ద్రాక్షకు పాత కేంద్రమే. కానీ వైన్ టూరిజం ఈ శతాబ్దపు కథ. 2001లో మహారాష్ట్ర ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి, వైన్‌కు ఎక్సైజ్ రాయితీ ఇచ్చింది. ప్రభుత్వం తలుచుకుంటే ఒక పానీయం వ్యవసాయ ఉత్పత్తిగా కూడా మారగలదు.

4. మ్యాప్‌లో లేని చోటు: ఇప్పచెట్టు కింద

మధ్యభారత అడవుల్లో ఇప్పపువ్వు తిండి, పానీయం, పండుగ. ఆ సారా ఇంట్లోనే కాచుకునేవారు. 1878 బొంబాయి అబ్కారీ చట్టం, 1886 మద్రాసు అబ్కారీ చట్టం లాంటివి ఈ పద్ధతిని దెబ్బతీశాయి. 1892లో బొంబాయి ప్రభుత్వం ఇప్పపువ్వు సేకరణ, నిల్వలపైనే ఆంక్షలు పెడుతూ ప్రత్యేక చట్టం చేసింది. ఇంజనీరింగ్ చదివినవాడిగా నాకు దీని లాజిక్ ఇలా అర్థమవుతుంది: వెయ్యి ఇళ్లలో కాచే సారాను కొలవలేం, ఒకే డిస్టిలరీలో కాచేదాన్ని కొలిచి పన్ను వేయొచ్చు. ఆ సౌలభ్యం కోసం ఇంటి పని నేరమైంది, కాంట్రాక్టరు పని వ్యాపారమైంది.

మన గోదావరి ఏజెన్సీలో 1879 రంప తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం ఇదే. సొంత అవసరానికి కల్లు గీసుకునే హక్కు పోయి, కల్లు పాట పాడుకున్న గుత్తేదారు వచ్చాడు. పైగా ముఠాదారులపై, గిరిజనులపై చిగురుపన్ను భారం పడింది.

నాణేనికి రెండో వైపూ రాయాలి. 1922–23లో దక్షిణ గుజరాత్‌లో దేవి ఉద్యమం సాగింది. అక్కడ ఆదివాసీలే మద్యం మానేసి, సారా దుకాణదారులను బహిష్కరించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటతో ఊపందుకున్న సారా వ్యతిరేక ఉద్యమంలో మహిళలు వేలంపాటలనే అడ్డుకున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండోదాన్ని 1997లో సడలించారు. రంపలో కల్లు హక్కు కోసం, దూబగుంటలో సారా వద్దని పోరాడారు. పైకి వ్యతిరేకంగా కనిపించినా రెండింటి వెనుక ఒకే ప్రశ్న ఉంది: మా ఊరి మద్యం మీద నిర్ణయం ఎవరిది? ఖజానాదా, మాదా?

రాజ్యాంగంలో ఎక్కడ?

47వ అధికరణం మద్యనిషేధానికి కృషి చేయమంటుంది. మద్యం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్రాల జాబితాలో ఉంది. తాగే మద్యం జీఎస్టీ బయటే ఉంది కాబట్టి, రాష్ట్రాలకు అది సొంత ఆదాయం. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తుపానీయాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకూ, తగిన స్థాయి పంచాయతీకీ ఉండాలంది. రంప ప్రశ్నకు చట్టంలో దొరికిన జవాబు ఇదే. అది కాగితం దాటి ఎంత అమలైందన్నదే అసలు పరీక్ష.

మెయిన్స్‌లో గిరిజన తిరుగుబాట్ల గురించి రాసేటప్పుడు 'అటవీ చట్టాలు, వడ్డీ వ్యాపారులు' దగ్గరే ఆగకండి. అబ్కారీని కూడా చేర్చి, రంప, దేవి ఉద్యమాలను పక్కపక్కన పెట్టండి. జవాబుకు లోతు వస్తుంది.

సాధన ప్రశ్న: "వలస పాలకుల అబ్కారీ విధానం ఆదాయ విధానమే కాదు, గిరిజన జీవితంపై నియంత్రణ కూడా." ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)