ఆమడ, కిలోమీటరు, గంట

హైదరాబాద్ నుంచి దుబాయి ఎంత దూరమంటే ఇప్పుడెవరైనా నాలుగు గంటలంటారు. ఆకాశమార్గాన అది సుమారు 2,550 కిలోమీటర్లు, కానీ ఆ అంకె ఎవరి నోటా రాదు. దూరం అడిగితే కాలం చెప్పడం విమానాలతో మొదలైందనుకుంటాం గానీ, నిజానికి అది పాత అలవాటే. పాలమూరు, నల్లగొండ మెట్టల్లో నడిచీ, బండి కట్టుకునీ తిరిగిన కాలంలో ప్రయాణాన్ని కోసుల్లో, ఆమడల్లో, మజిలీల్లో లెక్కపెట్టేవారు. మజిలీ అంటే చీకటి పడేలోగా చేరి తలదాచుకోగలిగే చోటు. మనిషి ఓపికా, ఎడ్ల ఓపికా ఆ కొలతలోనే ఉండేవి. అందుకే ఆమడ ఎంతంటే ఒక్కోచోట ఒక్కో లెక్క.

కిలోమీటర్ల అంకె వంశం వేరు. హైదరాబాద్ విమానాశ్రయం ఉన్న షంషాబాద్ నుంచి దుబాయిదాకా గొలుసు పట్టి కొలిచినవారు లేరు. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే, భూగోళం ఆకారం తెలిస్తే, వాటి నడుమ అతి దగ్గరి వంపు ఎంతో గణితం చెబుతుంది. ఆ ఆకారం తేల్చే పనిలో ఈ నేలకూ పాలుంది. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టిన త్రిభుజాల సర్వే ప్రధాన వరుస 78వ రేఖాంశాన్ని ఆనుకుని ఉత్తరానికి సాగింది. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్ పట్టణం ఇంచుమించు ఆ రేఖాంశం మీదే ఉంది. లాంబ్టన్ దగ్గర చేరిన జార్జ్ ఎవరెస్ట్ కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరాన పడ్డాడు. 1823లో లాంబ్టన్ పోయాక ఆ వరుసను 1841 నాటికి హిమాలయాల అంచుకు చేర్చింది అతడే. ఇంత శ్రమతో పుట్టిన కొలతను తేలికగా తీసేయలేం.

అయినా విమానం మళ్లీ మజిలీ లెక్కకే వచ్చింది. దుబాయి వెళ్లేటప్పటికన్నా వచ్చేటప్పుడు దాదాపు అరగంట తక్కువ పడుతుంది. పైన పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది. గాలి మారితే కాలమూ మారుతుంది కదా, మారనిదే అసలు దూరం కాదా అనొచ్చు. పటం గీసేవారికి అవును. ఇంధనం నింపేవారికి మాత్రం ఎన్ని గంటలు గాలిలో ఉండాలన్నదే ముఖ్యం. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది. అతి దగ్గరి దారి సుమారు 13,300 కిలోమీటర్లు. పటంలో పడమటికి కనిపించే షికాగోకు ఆ దారి ఉత్తరానికి తిరిగి 79వ అక్షాంశం దాకా ఎక్కుతుంది. ఏ విమానమూ ఆ గీతను అచ్చంగా పట్టుకుపోదు. గాలిని బట్టి, దేశాల అనుమతిని బట్టి పక్కకు జరుగుతుంది.

అలాగైతే పాలమూరుకు ముంబయి కన్నా దుబాయే దగ్గరనాలా? ముంబయికి రోడ్డున దాదాపు 700 కిలోమీటర్లు, బస్సులో రాత్రంతా కూర్చోవాలి. గంటల్లో చూస్తే దుబాయే దగ్గర. ఇక్కడే గంటల లెక్కా చాలదని ఒప్పుకోవాలి. గల్ఫ్ వలస కరీంనగర్, నిజామాబాద్‌లలో ఎక్కువైనా, ఎక్కడివారికైనా తిరిగొచ్చే లెక్క ఒకటే. ముంబయిలో మట్టిపని చేసే మనిషి ఇంట్లో చావు కబురు వింటే ఆ రాత్రే బస్సెక్కగలడు. దుబాయిలో ఉన్నవాడికి సెలవు దొరకాలి, టికెట్టుకు డబ్బుండాలి, వీసాకు తెచ్చిన అప్పు తీరాలి. విమానం మాత్రం ఆ రాత్రి కూడా నాలుగు గంటల లోపే షంషాబాద్‌లో దిగుతుంది.