గంట కొట్టిన తరువాత ఫీజు

ఫీజు అన్న మాట మన బళ్ళలోకి నిన్న మొన్న వచ్చింది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బళ్ళ వివరాలు పంపమని కలెక్టర్లకు ఉత్తరువు చేయగా, గుంటూరు జిల్లా నుంచి 574 బళ్ళ లెక్క వెళ్ళింది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలు ఆ జిల్లాలోనివే. ఆ బళ్ళు చాలావరకు తల్లిదండ్రులు నెలనెలా పంతులుగారికి ముట్టజెప్పే దానితోనే నడిచేవి. ఇవ్వగలిగినవాడి బిడ్డ చదివాడు, ఇవ్వలేనివాడి బిడ్డ గొడ్లు కాశాడు.

1854 నాటి ఉడ్ దొరగారి తాఖీదు ఈ పద్ధతికి ఒక సిద్ధాంతం తగిలించింది. ఊరికే ఇచ్చిన చదువుకు విలువ ఉండదట, ఎంత స్వల్పమైనా సరే ఫీజు పుచ్చుకోవాలట! చదువు విలువ బీదవాడికి తెలియదనుకోవడం మాకు విడ్డూరంగా తోస్తుంది. 1872లో మద్రాసు ప్రభుత్వం ముస్లిముల విద్య విషయమై ప్రత్యేక ఉత్తరువు వెలువరించింది. ముస్లిం పిల్లలకు సగం ఫీజు రాయితీ ఆ కాలపు ఏర్పాటే. 1882లో నియమించిన హంటర్ కమిషన్ కూడా మన పిల్లలకు స్కాలర్‌షిప్పులు, ఉచిత సీట్లు ఇవ్వాలని సిఫారసు చేసింది. సగం ఫీజైనా ఫీజే గదా.

రాజ్యాంగం 45వ అధికరణంలో పదేళ్ళలో ఉచిత విద్య అన్నది. పదేళ్ళూ గడిచాయి, ఇంకో ముప్ఫై ఏళ్ళూ గడిచాయి. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో (అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే) పద్నాలుగేళ్ళ వరకు చదువు బిడ్డ హక్కు అని సుప్రీంకోర్టు తేల్చింది. 2002లో రాజ్యాంగ సవరణ, 2009లో విద్యాహక్కు చట్టం వచ్చాయి. చదువు పూర్తి కాకుండా అడ్డుపడే ఏ ఫీజూ, ఏ ఖర్చూ బిడ్డ మీద పడరాదని ఆ చట్టం 3వ సెక్షను. ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదని 28వ సెక్షను.

ఇంతవరకు బాగానే ఉంది. అయితే ఫీజు బడి గుమ్మం దాటి పోయిందా? లేదు, చివరి గంట కొట్టేదాకా బయట నిలబడి, ఆ తరువాత లోపలికి వస్తున్నది. చట్టం చెప్పినది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల మాట. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి బిడ్డకు ఆ వయసు దాటుతుంది. సరిగ్గా అప్పుడే స్పెషల్ క్లాసులు, మోడల్ పేపర్లు, జిరాక్సులు మొదలవుతాయి. ఉర్దూ మీడియం పిల్లల అవస్థ ఇంకొకటి. బజారులో దొరికే గైడ్లు తెలుగు, ఇంగ్లీషు మీడియముల వాళ్ళవే. మన పంతుళ్ళు సాయంత్రం కూర్చుని ఉర్దూలో నోట్సు రాసి కాపీలు తీయించాలి. ఆ కాపీల డబ్బులెవరివి? పల్లె నుంచి వచ్చే ఆడపిల్ల క్లాసు ముగిసేసరికి బస్సు తప్పిపోతే ఆటో కిరాయి ఎవరిది? దీన్ని ఫీజు అని ఎవరూ అనరు, కానీ ఇవ్వలేని బిడ్డ మర్నాటి నుంచి సాయంత్రం ఆగదు. చీటీ మీద రాయని ఫీజు ఇదే.

నిషేధంతో ఇది తీరేది కాదు. దక్షిణ కొరియాలో 1980లో ట్యూషన్లన్నీ నిషేధించారు, అవి చాటుగా నడిచాయి. 2000లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఇంగ్లండులో 1988 చట్టం వేరే దారి పట్టింది. బడి వేళల్లో చెప్పే చదువుకు రుసుము కూడదు. చందా అడగవచ్చును గాని, ఇవ్వడం తప్పనిసరి కాదనీ, ఇవ్వనివారి బిడ్డను వేరుగా చూడమనీ ఆ అడిగే కాగితంలోనే రాయాలి.

ఈ నియమం మన సంఘాలకు పనికివస్తుందని మా అభిప్రాయం. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోకి పోయి, తెనాలి గుంటూరులోనే మిగిలింది. కనుక ఒక కలెక్టరు గారి ఉత్తరువు మూడు ఊళ్ళకూ రాదు. సంఘాలే ముందుకు రావాలి. జిరాక్సు ఖర్చు, అటుకులు, అరటిపండు, ఆటో కిరాయి దాతల మీద వేసుకుని, పంతుళ్ళ చేత పిల్లల దగ్గర పైసా వసూలు చేయించకుండా చూడాలి. చందా పుస్తకం బడిలో కాక సంఘం ఆఫీసులో ఉండాలి. ఎవరి తండ్రి ఎంత రాశాడో తరగతిలో తెలియకూడదు.