పెద్ద టోర్నీకి ఎవరు వెళ్లాలి? కాలేజీ బాస్కెట్‌బాల్ ఎంపిక పుట్టుపూర్వోత్తరాలు

విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్‌లో ఆఖరి టోర్నీకి జట్లను పంపే పద్ధతులు ముఖ్యంగా రెండు. మొదటిది మెట్ల పద్ధతి. కింది మెట్టు మీద గెలిచినవాళ్లు పై మెట్టెక్కుతారు, ఎవరి అభిప్రాయంతోనూ పనిలేదు. రెండోది కమిటీ పద్ధతి. ఏడాది పొడవునా వచ్చిన ఫలితాలను ముందేసుకుని, లెక్కలు చూసి, చర్చించి, కొందరు పెద్దలు జట్లను ఎంపిక చేస్తారు. మన దేశంలో నడుస్తున్నది మొదటిది, అమెరికాలో రెండోది. అమెరికా కూడా ఒకప్పుడు మెట్లనే నమ్ముకుంది. దాన్ని ఎందుకు వదిలింది, వదిలాక ఏయే లెక్కల్లో చిక్కుకుంది అన్నదే ఈ చరిత్రలో సింహభాగం.

ఐపీఎల్‌లో ఈ చిక్కు రాదు. ఉన్నవి పది జట్లు, ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో ఒక్కసారైనా ఆడుతుంది. పాయింట్ల పట్టికలో పై నాలుగూ ముందుకెళ్తాయి, సమానమైతే నెట్ రన్‌రేట్ ఉంది. జట్లు వందల్లో ఉండి, చాలా జట్లు ఒకదాని ముఖం ఒకటి చూడకుండానే ఏడాది గడిచిపోయేచోట పాయింట్ల పట్టిక పనికిరాదు.

మన పద్ధతి ఎలా ఉంటుందో యానాం వైపు నుంచి చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. అడవిపొలంలో ఉంటూ యానాంలోని డాక్టర్ ఎస్.ఆర్.కె. ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలో చదివే కుర్రాడు పాండిచ్చేరి విశ్వవిద్యాలయం విద్యార్థి కింద లెక్క. విశ్వవిద్యాలయం ఉన్నది 800 కిలోమీటర్లకు పైగా దూరంలో. పక్కనే, 30 కిలోమీటర్ల లోపు ఉన్న కాకినాడలో చదివే అతని ఈడువాడు జేఎన్‌టీయూ కాకినాడకో, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికో ఆడతాడు. సాయంత్రం ఒకే కోర్టులో బంతి పంచుకున్న ఇద్దరూ టోర్నీలో ప్రత్యర్థులుగా దిగవచ్చు. ఇంకో విశేషం, పుదుచ్చేరి ప్రాంతాలు నాలుగూ ఒకచోట లేవు. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు మధ్యలో, మాహే కేరళ తీరాన, యానాం గోదావరి ఒడ్డున ఉన్నాయి. కాబట్టి ఆ విశ్వవిద్యాలయం జట్టులో తమిళం, మలయాళం, తెలుగు మూడూ వినిపించే వీలుంది.

మన దగ్గర కాలేజీ జట్టు నేరుగా పైకి వెళ్లదని గుర్తుంచుకోవాలి. కాలేజీల మధ్య అంతర్ కళాశాలల పోటీలు జరుగుతాయి. వాటిలోనూ, ఆ తర్వాత పెట్టే సెలక్షన్ ట్రయల్స్‌లోనూ ఆటగాళ్లను చూసి పన్నెండు మందితో విశ్వవిద్యాలయం జట్టును కడతారు. అంటే మనిషి కన్ను పనిచేసేది ఈ ఒక్క దశలోనే, అదీ ఆటగాడి మీద. జట్టు తయారయ్యాక ఇక దాన్ని ఎవరూ అంచనా వేయరు. గెలిస్తే ఉంటుంది, ఓడితే ఇంటికి వస్తుంది.

పోటీలు నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అనేది. 1925లో అంతర్ విశ్వవిద్యాలయ బోర్డుగా మొదలై, 1973లో ఇప్పటి పేరు పెట్టుకుంది. దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పడమర జోన్లుగా విడదీసి ఒక్కోదానిలో టోర్నీ పెడతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటక, కేరళ, పుదుచ్చేరి విశ్వవిద్యాలయాలన్నీ దక్షిణ జోన్‌లోకి వస్తాయి. ముందు నాకౌట్, చివరికి మిగిలిన నాలుగు జట్ల మధ్య లీగ్. ఒక్కో జోన్ నుంచి మొదటి నాలుగు జట్లు అఖిల భారత అంతర్ జోనల్ పోటీకి వెళ్తాయి, మొత్తం పదహారు.

లీగ్‌లో గెలిస్తే 2 పాయింట్లు, ఓడినా 1, ఆడకుండా వదిలేస్తే సున్నా. ఇది అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య నియమం. మూడు జట్లు తలా రెండు గెలిచి ఒకటి ఓడితే ముగ్గురికీ ఐదేసి పాయింట్లు వస్తాయి. అప్పుడు ఆ ముగ్గురూ తమలో తాము ఆడిన మ్యాచ్‌లను మాత్రమే విడిగా తీసి చూస్తారు. మొదటి జట్టు రెండోదాన్ని 72-60తో, రెండోది మూడోదాన్ని 65-61తో, మూడోది మొదటిదాన్ని 70-67తో గెలిచిందనుకుందాం. మొదటి జట్టు తేడా +9, మూడోదానికి -1, రెండోదానికి -8. ఆ వరుసలోనే స్థానాలు ఖాయమవుతాయి. అందుకే గెలుపు ఖాయమైపోయాక కూడా కోచ్‌లు ఆఖరి నిమిషంలో ఇంకో రెండు పాయింట్ల కోసం అరుస్తుంటారు.

అయితే జోన్ లీగ్‌లో ఉన్న నలుగురూ ఎలాగూ అఖిల భారత పోటీకి వెళ్తారు కాబట్టి ఈ లెక్క తేల్చేది వరుసను మాత్రమే. అసలు గండం అంతకుముందే, క్వార్టర్ ఫైనల్లో ఉంది. అక్కడ ఓడిన జట్టు, రేపు జోన్ విజేత కాబోయే జట్టు చేతిలో ఒక్క పాయింట్ తేడాతో ఓడినా సరే, ఆ ఏడాదికి అంతే. అందువల్ల డ్రాలో ఎవరు ఏ వైపు పడ్డారన్నది ఆటంత ముఖ్యమైపోతుంది. కిందటి ఏడు మొదటి నాలుగు స్థానాల్లో నిలిచినవాళ్లను వేర్వేరు పాయల్లో పెట్టడం దీనికి కొంత మందు. ఇంకో లోపం కోటాది. నాలుగు జోన్లకూ సమానంగా నాలుగేసి స్థానాలు ఇస్తారు. ఒక జోన్‌లో ఐదో జట్టు మరో జోన్‌లో రెండోదాన్ని ఓడించగలిగినా దానికి దారి లేదు.

సరిగ్గా ఈ లోపమే అమెరికా పద్ధతిని మార్చింది. అక్కడి జాతీయ కళాశాలల క్రీడా సంఘం, అంటే ఎన్‌సీఏఏ, 1939లో తొలి పురుషుల టోర్నీ పెట్టినప్పుడు దేశాన్ని ఎనిమిది జిల్లాలుగా విడగొట్టి తలా ఒక జట్టును తీసుకుంది. ఫైనల్లో ఒరెగాన్ 46-33తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది. అంతకు ఏడాది ముందే న్యూయార్క్‌లో ఎన్‌ఐటీ అనే ఆహ్వాన టోర్నీ మొదలై ఉంది, చాలాకాలం దానికే పరువు ఎక్కువ. ఎన్‌సీఏఏ 1951లో 16 జట్లకు, ఆ తర్వాత ఇరవై రెండు, ఇరవై ఐదు మధ్యకు పెరిగింది. కానీ ఒక కాన్ఫరెన్స్, అంటే కొన్ని కాలేజీల కూటమి, నుంచి ఒక్క జట్టే అన్న నియమం మాత్రం కదల్లేదు.

దాని ఫలితం 1971లో సదరన్ కాలిఫోర్నియా జట్టు చవిచూసింది. ఆ సీజన్‌లో 24 గెలిచి రెండే ఓడింది. ఆ రెండూ ఒకే కూటమిలోని యూసీఎల్‌ఏ చేతిలోనే. యూసీఎల్‌ఏ అప్పట్లో వరసగా టైటిళ్లు గెలుస్తున్న జట్టు. అయినా సదరన్ కాలిఫోర్నియాకు తలుపు తెరుచుకోలేదు. 1974లో ఇంకా ఘోరం. అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ ఫైనల్లో నార్త్ కరోలినా స్టేట్ 103-100తో, అదీ అదనపు సమయంలో, మేరీలాండ్‌పై నెగ్గింది. దేశంలోని మేటి జట్లలో ఒకటైన మేరీలాండ్ ఇంటికి వెళ్లింది. గెలిచిన జట్టు ఆ ఏడాది జాతీయ విజేత అయింది. ఆ మరుసటి ఏడాదే, 1975లో, టోర్నీని 32 జట్లకు పెంచి కూటమి నుంచి రెండో జట్టునూ అనుమతించారు. 1980లో ఆ హద్దూ తీసేశారు.

తలుపు తెరిస్తే కొత్త ప్రశ్న వచ్చింది. విజేతలు కానివాళ్లలో ఎవరిని తీసుకోవాలి? గెలుపుల సంఖ్య చూస్తే బలహీనులతో ఆడి గెలిచినవాడికి లాభం. అందుకే 1981లో ఆర్‌పీఐ అనే సూచీని తెచ్చారు. జట్టు గెలుపు శాతానికి పావు వంతు, ప్రత్యర్థుల గెలుపు శాతానికి సగం, ప్రత్యర్థుల ప్రత్యర్థుల గెలుపు శాతానికి మిగతా పావు వంతు విలువ ఇచ్చారు. ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారన్నది ఇందులో లెక్కకు రాదు.

చేత్తో వేసుకోగలిగే లెక్క ఇది, దాని బలమూ బలహీనతా అదే. 30 మ్యాచ్‌ల్లో 21 గెలిచిన జట్టు గెలుపు శాతం 0.700. ప్రత్యర్థుల సగటు 0.600, వాళ్ల ప్రత్యర్థులది 0.550 అనుకుంటే ఆర్‌పీఐ 0.6125. ఇప్పుడు ఆ జట్టు, పదింట ఒకటే గెలిచే బలహీనమైన జట్టుతో ఇంకో మ్యాచ్ ఆడి గెలిచింది. సొంత శాతం 0.710కి పెరుగుతుంది, ప్రత్యర్థుల సగటు 0.584కి పడుతుంది. మూడో భాగం కదలకుండా ఉన్నా సూచీ 0.6069కి దిగుతుంది. గెలిచి వెనక్కి వెళ్లడమన్నమాట. ఇది కనిపెట్టిన కోచ్‌లు మరీ బక్క జట్లను వదిలేసి, తాము ఓడించగలిగే ఓ మోస్తరు జట్లను వెతికి షెడ్యూల్ వేసుకోవడం నేర్చుకున్నారు. 2004-05 సీజన్ నుంచి పరాయి కోర్టులో గెలుపును 1.4గా, సొంత కోర్టులో గెలుపును 0.6గా లెక్కించి కొంత సర్దారు కానీ మూలంలో లోపం అలాగే ఉండిపోయింది.

ఈలోగా టోర్నీ 1985లో 64కు, 2001లో 65కు, 2011లో 68కి పెరిగింది. జట్లన్నిటికీ సీడింగ్, అంటే బలాన్ని బట్టి వరుస, ఇవ్వడం 1979 నుంచే ఉంది. ఆ ఏడాది ఫైనల్లోనే మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ తలపడ్డారు. 2025లో 31 స్థానాలు కూటముల విజేతలకు నేరుగా దక్కాయి. మిగతా 37 స్థానాలకే ఎంపిక కమిటీ. కాలేజీల క్రీడా విభాగాల అధిపతులు, కూటముల కమిషనర్లు కలిపి 12 మంది ఉంటారు. తమ సంస్థ జట్టు గురించి చర్చ వచ్చినప్పుడు ఆ సభ్యుడు గదిలోంచి బయటికి వెళ్లాలి. ఓటింగ్ ఒక్కసారిగా జరగదు. ఎనిమిదేసి జట్లను ఎంచి, వరుస పెట్టి, పై నాలుగింటిని జాబితాలోకి ఎక్కించి, మళ్లీ మొదలుపెడతారు. ఆ వరుసను టోర్నీ చట్రంలో అమర్చేటప్పుడు ఒకే కూటమి జట్లు మొదట్లోనే తగలకుండా చూడాలి. ఆదివారం ఆడని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయాన్ని గురు, శనివారాల మ్యాచ్‌ల వైపు పెట్టాలి.

2018-19 సీజన్‌కు ఆర్‌పీఐని పక్కనపెట్టి నెట్ అనే కొత్త సూచీని తెచ్చారు. దాని తయారీలో గూగుల్ క్లౌడ్ పాలుపంచుకుంది. మొదట్లో పాయింట్ల తేడాను పదికి మించి లెక్కించలేదు. 2020లో సరళం చేసి రెండు అంశాలే ఉంచారు. ఒకటి ఎవరిని ఎక్కడ ఓడించారన్నది. రెండోది ప్రత్యర్థి బలాన్ని బట్టి సర్దిన సామర్థ్యం, అంటే బంతి చేతికొచ్చిన ప్రతి వంద సార్లకు చేసిన పాయింట్లు, ఇచ్చిన పాయింట్ల తేడా. ఆర్‌పీఐని ఎవరైనా చేత్తో వేసుకోవచ్చు. నెట్ అలా కాదు, కంప్యూటర్ చెప్పింది వినాల్సిందే.

ఈ సూచీ వాడకం తీరు ఆసక్తికరంగా ఉంటుంది. జట్టు స్థానం కన్నా అది ఎలాంటి జట్లను ఓడించిందో చూడడానికే ఎక్కువ వాడతారు. మ్యాచ్‌లను నాలుగు గదుల్లో వేస్తారు. సొంత కోర్టులో 1 నుంచి 30 ర్యాంకులవాళ్లతో, తటస్థ వేదికలో 1-50తో, పరాయి కోర్టులో 1-75తో ఆడినవి మొదటి గది. కాబట్టి 60వ ర్యాంకు జట్టును దాని ఊళ్లో ఓడిస్తే మొదటి గదిలో గెలుపు, అదే జట్టును మన ఊళ్లో ఓడిస్తే రెండో గదిలోది. 2024-25 నుంచి కమిటీ ముందున్న కాగితంలో ఇంకో అంకె చేరింది. బొటాబొటిగా అర్హత పొందే స్థాయి జట్టు ఇదే షెడ్యూల్ ఆడితే ఎన్ని గెలిచేదో అంచనా వేసి, దానికన్నా ఈ జట్టు ఎన్ని ఎక్కువ గెలిచిందో చూస్తారు. ఇన్నేళ్ల అంకెల్లో కాస్త న్యాయంగా కనిపించేది ఇదే. తేలిక షెడ్యూల్‌తో పోగేసిన గెలుపులు ఇందులో పెద్దగా లాభం చేయవు, కష్టమైన షెడ్యూల్‌లో వచ్చిన ఓటములు జట్టును ముంచవు.

అంకెలు ఎన్ని పెరిగినా తగువు తగ్గలేదు. 2025లో నార్త్ కరోలినా మొదటి గది మ్యాచ్‌లు పదమూడు ఆడి ఒక్కటే గెలిచింది, అయినా టోర్నీలోకి వచ్చింది. ఆ ఏడాది కమిటీ అధ్యక్షుడు ఆ విశ్వవిద్యాలయ క్రీడా విభాగం అధిపతే. నియమం ప్రకారం ఆ చర్చలో ఆయన లేరు. వెస్ట్ వర్జీనియా జట్టు బయట ఉండిపోవడంతో ఆ రాష్ట్ర గవర్నర్ విలేకరుల సమావేశం పెట్టి మరీ విచారణ కోరారు. నార్త్ కరోలినా మాత్రం తొలి మ్యాచ్‌లో శాన్ డియేగో స్టేట్‌ను 95-68తో చిత్తుచేసి, ఆ తర్వాతి మ్యాచ్‌లో ఓడిపోయింది. 2011లో ఇలాగే అందరూ తప్పుపట్టిన వర్జీనియా కామన్‌వెల్త్ జట్టు ఆఖరి నలుగురిలోకి వెళ్లి విమర్శకుల నోళ్లు మూయించింది. ఒక ఎంపిక మంచిదో కాదో తర్వాతి ఫలితంతో తేల్చడం సరికాదు గానీ, జనం తేల్చేది అలాగే.

ఈ పద్ధతిని తెచ్చి మన జోన్లకు పెట్టడం కుదరదు. అమెరికాలో 360 పైచిలుకు జట్లు నవంబరు నుంచి మార్చి దాకా తలా ముప్ఫై మ్యాచ్‌ల వరకు ఆడతాయి, పరస్పరం అల్లుకుపోయిన వేల ఫలితాలు లెక్కకు దొరుకుతాయి. మన విశ్వవిద్యాలయం జట్టుకు అలాంటి సీజనే లేదు. తొలి రౌండ్‌లో ఓడితే ఏడాది మొత్తానికి ఒక్క మ్యాచే ఆడినట్టు. ఒక్క మ్యాచ్ నుంచి ఏ సూచీ కట్టినా అది జ్యోతిషమే. మెట్లను తీసేయకుండా పైన ఇంకో మెట్టు వేయడమే మన దగ్గర జరిగిన మార్పు. 2020 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు అఖిల భారత పోటీలో మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచిన జట్లను తీసుకుంటారు. ఆ ఎనిమిదిలో ఏ జోన్‌కూ కోటా లేదు. పదహారు జట్లూ ఒకచోట ఆడాక, దక్షిణం నుంచి నాలుగూ వచ్చినా, ఒక్కటే వచ్చినా అభ్యంతరం ఉండదు.