లైబ్రరీలో గోల చేసిన నలుగురు: ద లిండా లిండాస్ కథ

2021 మే నెల. ఫోన్ మోగితే చాలు, ఎవరికేమయిందోనని గుండె ఝల్లుమనే రోజులు. ఒక రాత్రి నిద్రపట్టక ఫోన్ చూస్తుంటే ఓ వీడియో కనబడింది. వెనక పుస్తకాల అరలు, ముందు నలుగురు ఆడపిల్లలు. డ్రమ్స్ దగ్గర కూర్చున్న పిల్లకి పదేళ్ళు. పాటకి ముందు ఒక సంగతి చెప్పింది. లాక్‌డౌన్‌కి కొన్నాళ్ళ ముందు, క్లాసులో ఓ అబ్బాయి తన దగ్గరికొచ్చి, చైనావాళ్ళకి దూరంగా ఉండమని వాళ్ళ నాన్న చెప్పాడన్నాడట. నేనూ చైనీసే అని ఈ పిల్ల చెప్పగానే వెనక్కి జరిగాడట.

ఇక పాట. పాట అనాలో అరుపు అనాలో తెలీదు. 'ష్, సైలెన్స్' అని బోర్డులు పెట్టే చోట గొంతు చించుకుని అరిచారు. నేను వరసగా ఐదారుసార్లు చూశాను. ఎందుకన్ని సార్లు చూశానో చివర్లో చెప్తాను.

ఆ బ్యాండ్ పేరు ద లిండా లిండాస్, ఆ పాట పేరు 'రేసిస్ట్, సెక్సిస్ట్ బాయ్'. లాస్ ఏంజెలెస్ పబ్లిక్ లైబ్రరీ వాళ్ళ సైప్రెస్ పార్క్ బ్రాంచిలో మే 4న వాయించారు. ఆ క్లిప్పు బయటికొచ్చాక లక్షలమంది చూశారు. బ్యాండ్ ఆ రాత్రే పుట్టిందని చాలామంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ అప్పటికే వాళ్ళు మొదలుపెట్టి మూడేళ్ళు దాటింది.

లూసియా, మిలా డి లా గార్జా అక్కచెల్లెళ్ళు. బేస్ వాయించే ఎలోయీస్ వాంగ్ వాళ్ళకి కజిన్. బేలా సలజార్ వాళ్ళ స్నేహితురాలు, నలుగురిలో పెద్దది. 2018లో లాస్ ఏంజెలెస్‌లో గర్ల్‌స్కూల్ అనే ఫెస్టివల్ కోసం కొంతమంది పిల్లల్ని పోగేసి పాత పాటలు వాయింపించారు. ఈ నలుగురూ మొదటిసారి కలిసి వాయించింది అక్కడే. అప్పటికి వాయిద్యాలు కూడా సరిగ్గా రావు.

పేరు వెనక కూడా చిన్న కథ ఉంది. 1987లో జపాన్ పంక్ బ్యాండ్ ద బ్లూ హార్ట్స్ 'లిండా లిండా' అనే పాట చేసింది. 2005లో నొబుహిరో యమషితా అనే దర్శకుడు ఆ పాట చుట్టూ 'లిండా లిండా లిండా' సినిమా తీశాడు. అందులో నలుగురు హైస్కూల్ అమ్మాయిలు స్కూల్ ఫెస్టివల్‌కి మూడురోజుల ముందు బ్యాండ్ కడతారు. సింగర్‌గా దొరికింది జపనీస్ కూడా సరిగ్గా రాని కొరియా అమ్మాయి. సినిమాలో ఇంక పెద్ద కథేమీ ఉండదు: ప్రాక్టీసు, నిద్ర, వాన. వాళ్ళు గెలవాల్సిన పోటీ కూడా లేదు. ఈ బ్యాండ్‌కి అంతకన్నా నప్పే పేరు ఇంకోటి దొరకదేమో.

ఇంకాస్త వెనక్కి వెళ్ళాలి. డెబ్భైల చివర్లో లాస్ ఏంజెలెస్‌లో పంక్ బ్యాండ్లకి చోటిచ్చినవాటిలో చైనాటౌన్ రెస్టారెంట్లు రెండున్నాయి: మేడమ్ వాంగ్స్, హాంగ్‌కాంగ్ కెఫే. మూడు దశాబ్దాలు దాటాక అదే పేటలో ఒక ప్రైమరీ స్కూల్లో సంగీతం క్లాసులకి డబ్బుల్లేకపోతే, ఎలోయీస్ అమ్మానాన్నలు విరాళాల కోసం పంక్ కచేరీలు పెట్టడం మొదలుపెట్టారు. రాత్రుళ్ళు కాదు, పిల్లలు రావడానికి వీలుగా మధ్యాహ్నం పూట. ఎలోయీస్ నాన్న మార్టిన్ వాంగ్ 'జయంట్ రోబో' పత్రిక పెట్టిన ఇద్దరిలో ఒకరు. లూసియా, మిలాల నాన్న కార్లోస్ డి లా గార్జా రికార్డు ప్రొడ్యూసర్, ఒకప్పుడు రీల్ బిగ్ ఫిష్ అనే బ్యాండ్‌లో డ్రమ్మర్.

"ఓహో, అదన్నమాట సంగతి! ఇంట్లోనే స్టూడియో ఉంటే ఎవరైనా వాయిస్తారు" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. మూడు కార్డ్స్ వస్తే చాలు, ఎవరైనా బ్యాండ్ కట్టొచ్చనేది పంక్ చెప్పుకునే మాట. కానీ ఆ మూడు కార్డ్స్ నేర్చుకోడానికి గిటారుండాలి, గోల చేస్తే తిట్టని ఇల్లుండాలి. గోల చేసే ఆడపిల్లని తిట్టని ఇల్లు ఇంకా అరుదు. వాళ్ళకి అది దొరికింది. దొరికినదాంతో ఏం చేశారన్నది నాకు ముఖ్యం.

2019లో బికినీ కిల్ మళ్ళీ కలిసి వాయిస్తున్నప్పుడు హాలీవుడ్ పల్లాడియంలో వాళ్ళకి ముందు ఈ పిల్లలు వాయించారు. తొంభైల్లో ఆడపిల్లల్ని స్టేజి ముందుకి రమ్మని పిలిచిన బ్యాండ్ అది. కచేరీల్లో మగపిల్లల తోపులాటకి అమ్మాయిలు గోడవారకి పోవాల్సొచ్చేది కాబట్టి ఆ పిలుపు. ఆ పిలుపు అందుకున్న తరం పిల్లలే ఇప్పుడు స్టేజి ఎక్కారన్నమాట. తర్వాత 2021 మార్చిలో ఏమీ పోలర్ సినిమా 'మాక్సీ'లో కనబడ్డారు. ఆ తర్వాతే లైబ్రరీ.

ఆ వీడియోతోనే ఆగిపోయినా ఎవరూ ఏమీ అనుకునేవాళ్ళు కాదు. వైరల్ అయిన పిల్లల సంగతి మనకి తెలిసిందేగా. "ఎంత ముద్దుగా ఉన్నారో" అంటాం, షేర్ చేస్తాం, మర్చిపోతాం. కోపంగా ఉన్న పిల్లని ముద్దుగా ఉందనడం కూడా నోరు మూయించడమే. వాళ్ళు మాత్రం ఎపిటాఫ్ రికార్డ్స్‌తో ఒప్పందం చేసుకుని, స్కూలు మానకుండానే 2022 ఏప్రిల్ 8న 'గ్రోయింగ్ అప్' ఆల్బమ్ తెచ్చారు. మొత్తం పది పాటలు. ఒకటి స్పానిష్‌లో, ఒకటి పిల్లి మీద. లైబ్రరీ పాటని అన్నిటికన్నా చివర పెట్టారు. ముందు మా మిగతా మాటలు కూడా వినండి అన్నట్టు.

2024లో గ్రీన్ డే స్టేడియం టూర్‌లో ముందు వాయించారు. అదే ఏడాది అక్టోబర్‌లో రెండో ఆల్బమ్ 'నో ఆబ్లిగేషన్' వచ్చింది. అందులో ఒక స్పానిష్ పాటకి వియర్డ్ అల్ యాంకోవిక్ అకార్డియన్ వాయించాడు. అప్పటికి మిలాకి పదిహేనేళ్ళు కూడా నిండలేదు.

ఇప్పుడు ఆ వీడియో అన్నిసార్లు ఎందుకు చూశానో చెప్పాలి.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని అన్నం తినే అమ్మాయి ఉండేది. ఇంట్లో ఓరోజు మాటల్లో దాని పేరొస్తే, వాళ్ళు ఏ వీధిలో ఉంటారని నానమ్మ అడిగింది. చెప్పాను. "దాని పక్కన కూచుని తినకే" అంది. ఎందుకని అడగలేదు. మర్నాడు టిఫిన్ బాక్స్ పట్టుకుని రెండడుగులు అవతలికి జరిగాను. అది నా వైపు ఒకసారి చూసి తల దించుకుని తినేసింది. ఏమీ అనలేదు. అనడానికి దానికి మైకు లేదు, బ్యాండ్ లేదు.

పాట వింటున్నప్పుడు అందరూ తమని మిలా పక్కనే ఊహించుకుంటారనుకుంటాను. నేను ఊహించుకోలేకపోయాను. వాళ్ళ నాన్న చెప్పాడని వెనక్కి జరిగిన ఆ అబ్బాయి పక్కన నిలబడి విన్నాను. ఆ అబ్బాయి ఇప్పుడు కుర్రాడై ఉంటాడు. ఈ పాట తన గురించేనని తెలుసో లేదో. నాకు మాత్రం నా గురించేనని తెలిసింది. చాలా ఆలస్యంగా, వేరే దేశపు పిల్లల గొంతులో.