లాల్‌పేట్ పది తలల రాయి

మా లాల్‌పేట్‌కు చుట్టాలెవరు వచ్చినా మేము మొట్టమొదట చూపించేది బొగ్గుగని కాదు, పది తలల రాయి. చంద్రపూరు కోటగోడకు ఆవల ఆరుబయట పడివున్న ఏకశిలా విగ్రహాలలో అన్నిటికంటె పెద్దది అదే. పొడవు సుమారు 25 అడుగులు. గణపతి, నంది, శివలింగం మొదలైనవి చుట్టుప్రక్కల వున్నవి. ఏదో పెద్ద శివాలయానికని చెక్కించిన విగ్రహాలు, ఆ గుడి లేవనే లేదు. అందుకే ఇక్కడివారు ఈ చోటును అసంపూర్తి దేవాలయమంటారు.

వచ్చిన చుట్టం పది తలలు చూచీ చూడగానే, "అబ్బో, రావణాసురుడు!" అంటాడు. మేమూ ఏనాడూ కాదనలేదు. మా పెద్దలు కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతాలనుంచి గనిపనికి వచ్చిననాడు ఇక్కడివారు వారికి చెప్పిన మాట అదే, వారు మాకు చెప్పినదీ అదే.

తీరా జిల్లా గెజిటీరు చూస్తే అందులో వున్న పేరు దుర్గ!

ఇన్నేండ్లు పనికి పోతూ వస్తూ చూచిన రాతిలో మగవాడు కనిపించినాడు గాని అమ్మవారు కనిపించలేదేమి? ఈ ప్రశ్న మమ్మల్ని చాలా దినాలు వేధించినది. కంటిలో దోషమేమీ లేదు. కాని తెలుగువానికి పది తలలంటే రావణుడే. తోలుబొమ్మలాటలో తెరమీద పరచిన తలలు మా తాతలు చూచినారు. 1958లో వచ్చిన "భూకైలాస్", 1961లో వచ్చిన "సీతారామ కళ్యాణం" చిత్రాలలో రామారావుగారి రావణుని మా తరం చూచినది. కన్ను ఆ తలల వరుసను చూచినది, మనస్సు పేరు అందించినది, అక్కడితో పని తీరిపోయినది. తక్కిన శరీరాన్ని చూడవలసిన అవసరమే కలుగలేదు.

దేవీ మాహాత్మ్యం పారాయణ చేసేవారికి మాత్రం పది ముఖాల తల్లి కొత్త కాదు. దాని రహస్య భాగంలో మహాకాళికి పది ముఖాలు, పది భుజాలు, పది పాదాలు చెప్పబడినవి. విచిత్రమేమంటే ఈ ఊరి ఇలవేల్పే మహాకాళి. ఏటా చైత్రమాసంలో ఆ తల్లి జాతరకు తెలంగాణమునుంచి కూడా జనం తరలివస్తారు. అక్కడ మ్రొక్కి వచ్చిన మేమే ఇక్కడ రావణుడంటున్నాము!

రాయి పడివున్న తీరు కూడా కొంత కారణమే. నిలువెత్తున నిలిపితే ఎదురుగా చూడవలసిన రూపాన్ని మేము దాని చుట్టూ తిరుగుతూ, ఒకసారి కాళ్లవైపునుంచి, మరొకసారి ప్రక్కనుంచి చూస్తున్నాము. నిలువున ఇట్టే ఆనవాలు పట్టగల ముఖాన్ని అడ్డంగా పెడితే కన్నవారికైనా తడబాటు తప్పదు. పైగా మిట్టమధ్యాహ్నపు ఎండ నిట్టనిలువుగా పడితే చెక్కిన గీతలకు నీడ వుండదు, రాయి చదునుగా తోస్తుంది. ఉదయాన, సాయంత్రాన వెలుగు ఏటవాలుగా పడినప్పుడే రూపం పైకి లేస్తుంది.

ఇటువంటి చిక్కులను పాశ్చాత్యులు బొమ్మలు గీసి పరీక్షించినారు. 1892లో జర్మనీ దేశపు హాస్యపత్రిక ఒకటి ఒక బొమ్మ వేసినది. ఒకవిధంగా చూస్తే బాతు, మరొకవిధంగా చూస్తే కుందేలు. బాతు ముక్కే కుందేలు చెవులు. డెన్మార్కువాడైన ఎడ్గార్ రూబిన్ 1915లో ప్రకటించిన గ్రంథం మూలాన పూలకుండీ బొమ్మ ప్రసిద్ధమైనది. నడుమ చూస్తే కుండీ, అంచులు చూస్తే ఎదురెదురుగా రెండు ముఖాలు. రెండింటినీ ఒక్క క్షణంలో చూడడం ఎవరి తరమూ కాదు. 1994నుంచి ఫెడెక్స్ బళ్లమీద వుంటున్న ఇంగ్లీషు అక్షరాల నడుమ తెల్లని బాణం వున్నదని ఎందరికి తెలుసు? ఒకసారి కనిపించినదా, ఇక అదే కనిపిస్తుంది.

మన శిల్పులు ఈ విద్యలో ఎవరికీ తీసిపోలేదు. తంజావూరు సీమలో, 12వ శతాబ్దపు దారాసురం గుడిలో ఎద్దు, ఏనుగు ఒకే తలను పంచుకొని నిలబడినవి. లేపాక్షిలో ఒక ఆవుకు మూడు తలలు. రెండింటిని చేతితో మూస్తే ఒక్కొక్కసారి ఒక్కొక్క భంగిమ. ఒక పద్యం కడుపులో మరొక పద్యాన్ని దాచిన మన గర్భకవులు కూడా ఆ కోవలోనివారే. కాని అక్కడ దాచినవాడు శిల్పి, దాచినవాడు కవి. లాల్‌పేట్‌లో శిల్పి ఏమీ దాచలేదు. దాచినది మేమే.

ఇక చెక్కించినదెవరు? గోండురాజుల కాలంలో రాయప్ప కోమటి అనే ధనవంతుడని ఇక్కడి ఐతిహ్యం. ఆ పేరు వినగానే మా గుండె ఉప్పొంగిన మాట నిజం. రాయప్ప, ఆపైన కోమటి! గనులు రాకముందే, మా తాతలు ఇక్కడ అడుగు పెట్టకముందే, తెలుగువాడొకడు ఈ ఊళ్లో ఇంత పెద్ద సంకల్పం చేసినాడని సంఘం సమావేశంలో ఒకరిద్దరు ఉపన్యాసాలు కూడా ఇచ్చినారు. తర్వాత ఆలోచిస్తే కొంచెం సిగ్గు వేసినది. కోమటి అన్న మాట మనదే, సందేహం లేదు. కాని ఐతిహ్యం ఐతిహ్యమే, శాసనం కాదు. పది తలలు చూడగానే రావణుని చూచిన మా కళ్లే, రెండు మాటలు వినగానే తెలుగువానిని చూచినవి. ఈ ప్రాంతపు గోండులలో రావణుని తమ పూర్వజునిగా పూజించేవారున్నారు. వారిలో ఎవరైనా ఈ రాతిలో ఆయననే చూస్తే, తప్పని చెప్పే అధికారం మాకు ఎక్కడిది? గెజిటీరు వ్రాసినవారు దుర్గ అన్నారు, మాకు ఆ మాటే సబబుగా తోచినది, అంతవరకే.

ఒక ఆదివారం తెల్లవారుజామున గని క్వార్టర్ల పిల్లలను నలుగురిని వెంట తీసుకొని పోయినాము. పేరు మాత్రం చెప్పలేదు. ముగ్గురు దూరంనుంచే "రావణుడు!" అని కేక వేసినారు. ఆ సినిమాలేవీ చూడని చిన్నది మాత్రం రాతి ప్రక్కన గొంతుకూర్చొని తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టినది. తొమ్మిదన్నది. వాళ్లన్న పదన్నాడు. మళ్లీ మొదటినుంచి లెక్క. మూడోసారి లెక్కకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి ఎక్కింది, అంచులు మాసిపోయినవి, ఇంటికి బయలుదేరినాము.