ఆష్ తోపు పాట



మేరీ జోన్సు కథ మనలో అనేకులు సండే స్కూలులో వినియున్నారు. వేల్సు దేశపు కొండలలో పెరిగిన ఆ పేదపిల్ల, ఏండ్ల తరబడి కూడబెట్టిన కాసులు పట్టుకొని, 1800 సంవత్సరమున తన 15వ యేట సుమారు 25 మైళ్లు నడచి, బాలా అను ఊరిలోనున్న థామస్ చార్లెస్ బోధకుని యొద్ద బైబిలు సంపాదించుకొనెను. 1804లో బైబిలు సొసైటీ స్థాపించబడుటకు ఆమె కథయు ఒక ప్రేరణ యాయెను.

ఆ బాలాకు కొద్ది మైళ్ల దూరముననే లాన్‌డెర్వెల్ అను పల్లె కలదు. అక్కడ 1752లో ఎడ్వర్డ్ జోన్సు అను మరియొకడు పుట్టెను. ఇతడు బోధకుడు కాడు, హార్ప్ వాయించువాడు. హార్ప్ అనగా నిలువెత్తు చట్రమునకు తంతులు కట్టి, రెండు చేతుల వ్రేళ్లతో మీటు వాద్యము. దావీదు సౌలు ఎదుట వాయించిన సితారాను తలంచుకొనినయెడల దీని పోలిక కొంత తెలియును. వేల్సువారు మూడు వరుసల తంతులుగల హార్పును తమ జాతి వాద్యముగా చేసికొనిరి. ఎడ్వర్డ్ జోన్సు లండను నగరమునకు పోయి, యువరాజు కొలువులో వాయించి, "రాజుగారి కవి" అని పేరు పొందెను. అయినను అతడు తన పల్లెలను మరువలేదు. ముసలి వాద్యకాండ్ర చేతిలో మిగిలిన పాటలను వెదకి వ్రాసికొని, 1784లో ఒక గ్రంథమును, 1802లో "బార్డిక్ మ్యూజియం" అను మరియొక గ్రంథమును అచ్చువేయించెను.

ఆ రెండవ గ్రంథములో "లుయిన్ ఒన్" అను పాట మొదటిసారి ఆ పేరుతో అచ్చులో కనబడెను. లుయిన్ ఒన్ అనగా ఆష్ చెట్ల తోపు. దాని నడక మూడు దెబ్బల నడక. మొదటి దెబ్బ బలముగను, తక్కిన రెండు తేలికగను పడును. మన తాళములలో తిశ్రగతి ఎరిగినవారికి అది వెంటనే పట్టుబడును. వాల్ట్జ్ అను జంటనాట్యమునకు ఈ నడకయే కావలెను గనుక, పిమ్మట జనులు ఈ పాటకు ఆ నాట్యమును ఆడిరి. అయితే పాట దానికొరకు పుట్టినది కాదు. వాల్ట్జ్ జర్మనీ, ఆస్ట్రియా దేశముల పల్లెలలో పుట్టి, 1802 తరువాతనే ఇంగ్లాండు నాట్యశాలలలో వ్యాపించెను. 1728లో జాన్ గే లండనులో ఆడించిన "బెగ్గర్స్ ఆపెరా" అను నాటకములో దీనికి దగ్గరి పోలికగల పాట యొకటి కలదు. ఆ నాటకపు పాట అంతకంటె పాతదైన ఒక ఇంగ్లీషు నాట్యపు వరుస నుండి వచ్చెనని ఫ్రాంక్ కిడ్సన్ అను పండితుడు 1922లో వ్రాసెను. ఎవరు ఎవరి యొద్ద నేర్చిరో పండితులు నేటికిని వాదించుచున్నారు. పల్లెపాటకు జన్మపత్రిక యుండదు గదా!

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. 1735 మొదలుకొని హోవెల్ హారిస్, డేనియల్ రోలండ్ మొదలగు దైవజనుల ద్వారా వేల్సులో గొప్ప ఉజ్జీవము కలిగెను. అంతకుముందు హార్పు చుట్టు గుమిగూడిన జనము పానశాలలలోను, జాతరలలోను, ఆదివారపు ఆటలలోను త్రాగి అల్లరి చేయుట కలదు. మారుమనస్సు పొందినవారు త్రాగుడుతోపాటు ఆ పాటను, నాట్యమును, హార్పును కూడ విడిచిరి. తమ ప్రాంతములో యౌవనులు హార్పు పాటల కూటములు మానుకొనిరని థామస్ చార్లెస్ 1791లో సంతోషముతో వ్రాసెను.

ఆ సంతోషమే ఎడ్వర్డ్ జోన్సునకు దుఃఖమాయెను. ఊరూర తిరుగు బోధకుల మాట విని, తమ వృత్తి పాపమని యెంచి వాద్యమును మానిన వారిని తాను స్వయముగా చూచితినని అతడు 1802 గ్రంథపు ముందుమాటలో కఠినముగా వ్రాసెను. చూచితిరా! ఆష్ తోపు పాటను మనకు దాచియిచ్చిన పుస్తకమే మన బోధకులమీద ఫిర్యాదును కూడ మోసికొని వచ్చినది.

ఆ ఫిర్యాదు మనకు చేదుగానుండును. అయినను దానిని త్రోసివేయకుందము. త్రాగుబోతు ఇంటి స్త్రీలు ఉజ్జీవమునుబట్టి ఎంత సంతోషించిరో జోన్సు లెక్కలోనికి తీసికొనలేదు. పిల్లలను పోషించుటకు హార్పు తప్ప వేరు ఆధారము లేని వాద్యకాని సంగతి బోధకులు తలంచినట్లు లేదు. పాపము త్రాగుడులోనున్నది గాని మూడు దెబ్బల నడకలో లేదు.

కాలక్రమమున ఏమి జరిగెనో వినుడి. జోన్సు తన 1784 గ్రంథములో అచ్చువేసిన "ఆర్ హీడ్ ఎ నోస్" అను రాత్రి పాట వరుసకు, కలకత్తా బిషప్పుగా పనిచేసి 1826లో తిరుచిరాపల్లిలో మరణించిన రెజినాల్డ్ హెబర్ వ్రాసిన సాయంకాల కీర్తనను సంఘములు పాడ నేర్చుకొనెను. ఆష్ తోపు పాట వరుసకు 1939లో అమెరికాలో కాథరీన్ డేవిస్ అను ఆమె స్తుతికీర్తన కూర్చెను. నాట్యపు అరుగుమీదనుండి దిగిన పాట ఆరాధన మందిరములో కూర్చుండెను. ఎవడును వ్రాసి దాచకపోయినయెడల కీర్తన కట్టుటకు ఆ వరుస మిగిలియుండునా?

కాబట్టి ప్రియులారా, బాలా ప్రాంతపు ఈ ఇద్దరిని గూర్చి దేవునికి స్తోత్రము చెల్లింతము. ఒకడు బీదపిల్ల చేతికి గ్రంథమునిచ్చెను. ఒకడు బీదవాద్యకాని పాటను నశింపకుండ కాచెను. వారు ఒకరినొకరు మెచ్చుకొనలేదు. ప్రభువు ఇద్దరి పనిని వాడుకొనెను. మన సంఘములోనికి క్రొత్తగా వచ్చినవాడు తన పాత వాద్యమును పట్టుకొని గుమ్మమునొద్ద నిలిచినప్పుడు, "అది పారవేసి రమ్ము" అనుటకు ముందు, విడువవలసినదేదో నిలుపవలసినదేదో వివేచించు మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక.